ఎర్ర గుడ్డ కట్టిన ఇళ్లు

2019 డిసెంబరు 5. పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా అనే చిన్న ద్వీప దేశంలో ఆ రోజు దుకాణాలు తెరవలేదు, బళ్లు రోడ్డెక్కలేదు, సర్కారు ఆఫీసులకు తాళాలు పడ్డాయి. టీకా వేయించుకోనివాళ్లు ఇంట్లో ఉంటే గుమ్మం ముందు ఎర్ర గుడ్డ కట్టండి, మేమే వస్తామని ప్రభుత్వం చాటింపు వేసింది. వీధి వెంట చూస్తే గుమ్మాలకు, చెట్లకు, కంచెలకు ఎర్ర గుడ్డలే. రెండు రోజుల పాటు నర్సులు ఆ గుడ్డలను చూసుకుంటూ ఇల్లిల్లూ తిరిగారు.

అప్పటికే ఆ దేశంలో అరవై మందికి పైగా చనిపోయారు. అంతా ముగిసేసరికి లెక్క 83కు చేరింది. వాళ్లలో అత్యధికులు ఐదేళ్లు నిండని పిల్లలు. జబ్బు పడ్డవాళ్లు 5,700 మందికి పైనే. దేశ జనాభా అంతా కలిపి 2 లక్షలు. అదే పాళ్లలో మూడున్నర కోట్ల మందున్న తెలంగాణలో జరిగితే రెండు మూడు నెలల్లో 14,500 ప్రాణాలు పోయినట్టు.

వాళ్ల ప్రాణం తీసింది కొత్త వైరస్ ఏమీ కాదు, తట్టు. మన దగ్గర కొందరు పొంగు అంటారు, కొందరు అమ్మవారు పోసిందంటారు. దానికి టీకా 1963 నుంచీ ఉంది. రెండు డోసులు పడితే నూటికి 97 మందికి రక్షణ. మరి సమోవా తల్లులు ఎందుకు వేయించలేదు? ఈ ప్రశ్నకు జవాబు వెతకకుండా 'చదువులేని జనం, మూఢనమ్మకాలు' అని కొట్టిపారేస్తే మనకు ఏమీ అర్థం కాదు.

రెండు సూదులు, ఏడాది మౌనం

అంతకు ఏడాదిన్నర ముందు, 2018 జులైలో, సమోవాలోని సవాయ్ దీవిలో ఒక ఆసుపత్రికి ఇద్దరు తల్లులు ఏడాది వయసు పిల్లలను తీసుకొచ్చారు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా ఈ మూడింటికీ కలిపి వేసే టీకా అది. పొడి రూపంలో వస్తుంది. దానితో పాటు వచ్చే ప్రత్యేకమైన నీటిలో కలిపి సూదిలోకి తీసుకోవాలి. ఆ రోజు నర్సులు ఆ నీటికి బదులు, ఆపరేషన్ల సమయంలో కండరాలను సడలించడానికి వాడే మందు కలిపారు. అదీ గడువు తీరిపోయింది. సూది వేసిన నిమిషాల్లోనే పిల్లలిద్దరూ కన్నుమూశారు.

టీకాలో దోషం లేదు. కానీ ఆ మాట తేలడానికి, నర్సులు కోర్టులో తప్పు ఒప్పుకోవడానికి, వాళ్లకు ఐదేళ్ల జైలు శిక్ష పడడానికి ఏడాది పట్టింది. ఈలోగా ప్రభుత్వం ఆ టీకాను నెలల తరబడి ఆపేసింది. ఆపేసిందంటే ఏదో ఉన్నట్టే కదా అనుకున్నారు జనం. ఎవరు మాత్రం అనుకోరు? పక్కింటి బిడ్డ సూది పడగానే చనిపోయిందని విన్న ఏ తల్లి అయినా తన బిడ్డను ఒళ్లోకి లాక్కుంటుంది. అది మూర్ఖత్వం కాదు, మాతృత్వం. ఆ భయం పోగొట్టాల్సినవాళ్లు మాట్లాడలేదు. మాట్లాడిందల్లా టీకాలంటే గిట్టనివాళ్లు. అమెరికాలో టీకాలను ఏళ్ల తరబడి విమర్శిస్తూ వచ్చిన రాబర్ట్ ఎఫ్ కెనెడీ జూనియర్ 2019 జూన్‌లో అక్కడికి వెళ్లి, స్థానిక టీకా వ్యతిరేకులను కలిసివచ్చారు. 2025లో ఆయనే అమెరికా ఆరోగ్య మంత్రి అయ్యారు.

2018లో సమోవా పిల్లల్లో తట్టు మొదటి డోసు పడినవాళ్లు 31 శాతానికి పడిపోయారు. తట్టు ఆగాలంటే 95 శాతం ఉండాలి. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో అప్పటికే తట్టు చెలరేగుతోంది. రోజూ విమానాలు తిరిగే దారి అది. 2019 సెప్టెంబరు, అక్టోబరు నాటికి జబ్బు దీవుల్లోకి దిగింది.

అదే గాలి, అదే సముద్రం, అదే సమయం. పక్కనున్న టోంగాకు, ఫిజీకి కూడా తట్టు వచ్చింది. అక్కడ ఒక్కరూ చనిపోలేదు. ఆ దేశాల పిల్లల్లో దాదాపు అందరికీ టీకా పడి ఉంది మరి. ఇంతకంటే స్పష్టమైన రుజువు ఏ ప్రయోగశాలా ఇవ్వలేదు.

నాంపల్లిలోనూ ఇద్దరు

సమోవా ఎక్కడో ఉందనుకుంటాం. 2019 మార్చిలో మన హైదరాబాద్‌లోనే, నాంపల్లిలోని ఒక ప్రభుత్వ కేంద్రంలో పసిపిల్లలకు ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకా వేశారు. ఒళ్లు వెచ్చబడితే వేయమని తల్లుల చేతికి మాత్రలు ఇచ్చారు. పారాసిటమాల్ ఇవ్వాల్సిన చోట ట్రమడాల్ ఇచ్చారు. పెద్దవాళ్లకు తీవ్రమైన నొప్పులకు వాడే మందు అది. పిల్లలు మత్తుగా పడిపోయారు, ఊపిరి అందలేదు. పదుల సంఖ్యలో పిల్లలను ఎత్తుకుని నిలోఫర్ ఆసుపత్రికి పరుగెత్తారు. ఇద్దరు పసికందులు దక్కలేదు.

ఇక్కడా టీకాలో తప్పు లేదు. కానీ ఆ వారం బస్తీల్లో తిరిగిన మాట 'టీకా వికటించి పిల్లలు చచ్చిపోయారు' అనే. టీవీ స్క్రోలింగుల్లోనూ మొదటి రోజు అదే. తర్వాత మాత్రల సంగతి బయటికొచ్చింది. ఇక్కడ కార్యక్రమం ఆగిపోలేదు, అది మన అదృష్టం. కానీ ఆ బిడ్డల వీధిలో మరుసటి బుధవారం సూది పట్టుకుని వెళ్లిన ఏఎన్ఎం ఎన్ని గుమ్మాల ముందు ఎన్ని మాటలు పడి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

జపాన్ కథ ఇంకా పాతది. 1974-75 చలికాలంలో అక్కడ కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం ఈ మూడింటికీ కలిపి వేసే డీపీటీ టీకా వేయించుకున్న ఇద్దరు పిల్లలు ఒక రోజు తిరక్కుండా చనిపోయారు. ప్రభుత్వం టీకా ఆపింది, తర్వాత మళ్లీ మొదలుపెట్టినా రెండేళ్లు దాటిన పిల్లలకే అంది. జనం నమ్మలేదు. పిల్లల్లో 80 శాతానికి పడుతున్న టీకా 10 శాతానికి దిగజారింది. 1979 నాటికి కోరింత దగ్గు 13,000 మందికి వచ్చింది, 41 మంది చనిపోయారు. అయితే జపాన్ ఇక్కడితో ఆగలేదు. జ్వరం, వాపు తక్కువ తెచ్చే కొత్త రకం కోరింత దగ్గు టీకాను తయారుచేసి 1981 నుంచి వాడడం మొదలుపెట్టింది. తల్లిదండ్రుల భయాన్ని గేలి చేయకుండా దానికి జవాబు వెతికింది. నాకు ఆ దేశం మీద గౌరవం కలిగేది ఇక్కడే.

ఈ మూడు చోట్లా నాకు కనిపిస్తున్నది ఒకటే. ప్రమాదం జరిగినప్పుడు ఏం జరిగిందో వెంటనే, పూర్తిగా, ఇంటి భాషలో చెప్పకపోతే ఆ ఖాళీని వదంతి ఆక్రమిస్తుంది. మన దేశంలో టీకా తర్వాత ఏ అనర్థం జరిగినా విచారించడానికి జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో కమిటీలున్నాయి. వాళ్ల నివేదిక ముందుగా చేరాల్సింది ఆ బిడ్డ తల్లికి, తర్వాత ఆ వీధికి. ఫైళ్లలో మూలిగే నిజం ఎవరి బిడ్డనూ కాపాడదు.

చదువుకున్న ఇంట్లో కంఠసర్పి

భయం పుట్టడానికి ప్రతిసారీ ప్రమాదమే జరగనక్కర్లేదు. 1998లో లండన్‌లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు లాన్సెట్ వైద్య పత్రికలో రాసిన వ్యాసంలో కేవలం 12 మంది పిల్లలను చూపించి, తట్టు-గవదబిళ్లలు-రుబెల్లా టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టాడు. ఆ వ్యాసంలోని వివరాలు వక్రీకరించినవని పాత్రికేయుడు బ్రయన్ డీర్ తవ్వి తీశాడు. లాన్సెట్ పత్రిక 2010లో వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, అదే ఏడాది వేక్‌ఫీల్డ్ పేరు వైద్యుల జాబితా నుంచి తొలగిపోయింది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఆ టీకాతో ఆటిజం పెరగదని మరోసారి తేలింది. అయినా ఆ పాత అబద్ధం ఇవాళ్టికీ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది.

స్పెయిన్‌లోని ఒలోత్ పట్నంలో ఒక జంట ఇలాంటి మాటలే నమ్మి తమ బిడ్డకు టీకాలు వద్దనుకుంది. 2015లో ఆ ఆరేళ్ల బాబుకు గొంతు నొప్పి మొదలైంది. తేలింది కంఠసర్పి, అంటే డిఫ్తీరియా. ఆ దేశంలో దాదాపు మూడు దశాబ్దాలుగా ఎవరూ చూడని జబ్బు. పాఠాల్లో చదువుకోవడమే తప్ప కళ్లారా చూసిన డాక్టర్లు తక్కువ.

కంఠసర్పి ఏం చేస్తుందో తెలిస్తే తప్ప ఆ తర్వాత జరిగింది అర్థం కాదు. క్రిమి గొంతులోనే కూర్చుంటుంది. టాన్సిల్స్ మీద బూడిద రంగులో మందపాటి పొర కడుతుంది. గీకితే రక్తం వస్తుంది తప్ప ఊడి రాదు. మెడ వాచి తల, భుజాలు కలిసిపోయినట్టు కనిపిస్తుంది. పొర కిందికి పాకితే ఊపిరి ఆడదు. అంతకంటే ప్రమాదం, ఆ క్రిమి వదిలే విషం రక్తంలో కలిసి గుండెకు, నరాలకు చేరడం. యాంటీబయాటిక్ క్రిమిని చంపుతుంది కానీ విషాన్ని ఏమీ చేయలేదు. దానికి విరుగుడు మందు వేరే ఉంది, గుర్రాల రక్తం నుంచి తీస్తారు. అదైనా రక్తంలో తిరుగుతున్న విషాన్నే పట్టుకుంటుంది. ఒకసారి గుండె కణాల్లోకి దిగిన విషాన్ని వెనక్కి లాగలేదు. అందుకే గంట గంటకూ లెక్కే.

స్పెయిన్ దగ్గర ఆ విరుగుడు లేదు. జబ్బే లేనప్పుడు మందు ఎందుకుంటుంది? యూరప్ అంతా వెతికారు. చివరికి రష్యా నుంచి తెప్పించారు. బాబు నెల రోజులు పోరాడి జూన్ 27న చనిపోయాడు. టీకా వ్యతిరేకులు తమను మోసం చేశారని తల్లిదండ్రులు కుమిలిపోతున్నారని అక్కడి ఆరోగ్య అధికారి విలేకరులకు చెప్పారు.

ఆ బాబుతో కలిసిమెలిసి తిరిగిన పిల్లలను పరీక్షిస్తే ఎనిమిది మంది శరీరంలో అదే క్రిమి ఉన్నట్టు తేలింది. ఒక్కరికీ జబ్బు రాలేదు. వాళ్లందరికీ టీకా పడి ఉంది.

కోరంటి దవాఖానకు తెలిసిన జబ్బు

స్పెయిన్ డాక్టర్లు మరిచిపోయిన కంఠసర్పిని హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రి ఎప్పుడూ మరిచిపోలేదు. పాతబస్తీ జనం ఇప్పటికీ కోరంటి దవాఖాన అని పిలిచే ఆ ఆసుపత్రికి రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ, పొరుగు జిల్లాల నుంచీ గొంతు వాచిన పిల్లలు వస్తుంటారు. ప్రపంచంలో ఏటా నమోదయ్యే కంఠసర్పి కేసుల్లో పెద్ద వాటా చాలాకాలం పాటు మన దేశానిదే. 2018 సెప్టెంబరులో ఢిల్లీలో ఒక ఆసుపత్రిలోనే 20 మందికి పైగా పిల్లలు దీనితో చనిపోయారు. సమయానికి విరుగుడు దొరకలేదు.

మన దగ్గర ఈ జబ్బు ఇప్పుడు ఎక్కువగా పట్టుకుంటున్నది చంటిపిల్లలను కాదు, బడి పిల్లలను. కారణం తెలిసిందే. నెలన్నరకు, రెండున్నర నెలలకు, మూడున్నర నెలలకు వేసే మూడు సూదులు చాలామంది వేయిస్తారు. ఏడాదిన్నరకు ఒకటి, ఐదారేళ్లకు ఇంకొకటి, పదేళ్లకు, పదహారేళ్లకు ధనుర్వాతం, కంఠసర్పిలకు కలిపి వేసే టీడీ వేయించాలని చాలా ఇళ్లలో గుర్తుండదు. రక్షణ మెల్లగా తగ్గిపోతుంది. దీన్ని ఎవరూ నిరాకరణ అనరు. కానీ క్రిమికి ఆ తేడాతో పని లేదు.

సోవియట్ యూనియన్ కూలినప్పుడు జరిగిందీ ఇదే. టీకాల సరఫరా దెబ్బతింది, పెద్దల్లో రక్షణ సన్నగిల్లింది, తల్లిదండ్రుల్లోనూ అనుమానాలు పెరిగాయి. 1990ల్లో ఆ ప్రాంతమంతా కలిపి లక్షన్నరకు పైగా కంఠసర్పి కేసులు, దాదాపు 5,000 మరణాలు.

కేరళలో మరో రకం. అక్షరాస్యతలో దేశానికే మొదటి వరుసలో ఉన్న రాష్ట్రం అది. అక్కడి మలప్పురం జిల్లాలో ప్రకృతి వైద్యం పేరుతో, మతం పేరుతో టీకాల మీద సాగిన ప్రచారం ఫలితం 2015, 2016ల్లో కంఠసర్పి రూపంలో కనిపించింది. ముంబయిలో 2022 అక్టోబరు చివర్లో గోవండీ మురికివాడలో ఒకే కుటుంబంలోని ముగ్గురు చిన్నారులు రెండు రోజుల తేడాలో తట్టుతో చనిపోయాకే నగరం ఉలిక్కిపడింది. అక్కడ వద్దన్నవాళ్లూ ఉన్నారు, కోవిడ్ కాలంలో ఎవరూ పిలవనివాళ్లూ ఉన్నారు. 2024లో మన దేశంలో ఒక్క డోసూ పడని పిల్లలు దాదాపు 9 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ అంచనా. అంతకు ముందు ఏడాది 16 లక్షలు. తగ్గుతోంది, నిజమే. కానీ ఆ 9 లక్షల మంది దేశమంతా సమంగా పరుచుకుని లేరు. కొన్ని బస్తీల్లో, కొన్ని తండాల్లో, కొన్ని ఇటుక బట్టీల దగ్గర గుంపుగా ఉన్నారు. తట్టు వెతుక్కుంటూ వచ్చేది ఆ గుంపులనే.

తొమ్మిది నెలల ఎదురుచూపు

'మా బిడ్డ, మా ఇష్టం' అనేవాళ్లకు తట్టు గురించి ఒక్క సంగతి చెప్పాలి. జబ్బు మనిషి గదిలోంచి వెళ్లిపోయాక కూడా వైరస్ రెండు గంటల దాకా గాలిలో ఉండగలదు. రక్షణ లేనివాళ్లు పదిమంది దగ్గరగా మెలిగితే తొమ్మిది మందికి అంటుకుంటుంది. మన దేశంలో మొదటి డోసు తొమ్మిది నెలలు నిండాకే. తల్లి నుంచి వచ్చిన రక్షణ అప్పటి దాకా టీకాను పనిచేయనివ్వదనే అలా పెట్టారు. కానీ ఆ తల్లి రక్షణ చాలామంది పిల్లల్లో ఇంకా ముందే కరిగిపోతుంది. ఆ మధ్య నెలల్లో బిడ్డకు ఉన్న కాపలా ఇంట్లో అన్న, ఎదురింటి అక్క, బస్సులో పక్క సీటు పిల్లాడు. కాన్సర్ మందులు వాడుతున్న పిల్లలకైతే ఈ టీకా వేయకూడదు కూడా. వాళ్లకు ఉన్నది ఆ కాపలా ఒక్కటే. టీకా వద్దన్న నిర్ణయం ఒక ఇంట్లో తీసుకున్నా, దాని ఫలితం ఆ ఇంటి గడప దగ్గర ఆగదు.

తట్టు వచ్చి తగ్గిపోయాక కూడా కథ ముగియదు. శరీరం అంతకు ముందు ఇతర జబ్బుల మీద కూడబెట్టుకున్న రక్షణను తట్టు చెరిపేస్తుందని 2019లో వచ్చిన పరిశోధనలు చూపించాయి. తగ్గిందనుకున్న బిడ్డ నెలల తర్వాత న్యుమోనియాతో మంచం పట్టడం వెనక ఇదీ ఒక కారణం. అరుదుగా కొందరికి ఏడెనిమిదేళ్ల తర్వాత మెదడు దెబ్బతిని, చదువులో వెనకబడడంతో మొదలై, చేతులు కాళ్లు ఉలిక్కిపడి, చివరికి ప్రాణం మీదికి వస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. అమ్మవారు పోసిందని వేపాకు పెట్టుకుంటే నష్టం లేదు. డాక్టరుకు చూపించకుండా, విటమిన్ ఎ వేయించకుండా, నీళ్లు పాలు తగ్గించి బిడ్డను చీకటి గదిలో ఉంచితే మాత్రం చాలా నష్టం.

అమెరికాలో ఉన్న మన వాళ్లకూ ఇది దూరం కాదు. 2000 సంవత్సరంలో తట్టును తరిమేశామని ప్రకటించుకున్న ఆ దేశంలో 2025లో టెక్సస్ పడమటి అంచున గెయిన్స్ కౌంటీలో మొదలైన తట్టు ఆగస్టు నాటికి ఆ రాష్ట్రంలోనే 762 మందికి సోకింది. టీకా పడని ఇద్దరు బడి పిల్లలు చనిపోయారు. ఆ కౌంటీలో ఒకటో తరగతికి ముందు బడిలో చేరే పిల్లల్లో తట్టు టీకా పడినవాళ్లు 82 శాతమే. కెనడా అదే ఏడాది నవంబరులో తట్టు లేని దేశమన్న గుర్తింపు పోగొట్టుకుంది. డాలస్ నుంచి మనవణ్ని చూపించడానికి విజయవాడ వచ్చేవాళ్లు ఒక్కసారి బిడ్డ వయసు చూసుకోవాలి. విదేశీ ప్రయాణం చేసే 6 నుంచి 11 నెలల పిల్లలకు ముందుగానే ఒక డోసు వేయించాలని అక్కడి వైద్యులు చెబుతారు.

శనివారం సూది

హైదరాబాద్ శివార్లలోని ఒక బస్తీ అంగన్‌వాడీలో టీకాల రోజున కూర్చున్నాను. ఏఎన్ఎం నీలం పెట్టె మూత తీసి, ఐస్ ప్యాక్‌ల మధ్య నుంచి సీసా తీసి ముందు దాని మీది గుర్తు చూసింది. గుండ్రటి రంగు మధ్య చిన్న చతురస్రం ఉంటుంది. అది బయటి రంగు కంటే తెల్లగా ఉంటేనే మందు పనికొస్తుంది, వేడి తగిలితే ముదురుతుంది. తట్టు టీకా పొడిలో నీళ్లు కలిపి, ఎన్ని గంటలకు కలిపిందో సీసా మీద రాసింది. నాలుగు గంటలు దాటితే పారేయాలి. సమోవాలో తప్పు జరిగింది సరిగ్గా ఈ మెట్టు దగ్గరే. ఆమె ఆ నీళ్ల సీసా పేరు రెండుసార్లు చదవడం చూశాను.

ఒక తల్లి గుమ్మం దగ్గరే నిలబడింది.

"మొన్న సూదేస్తే రెండు దినాలు జరమొచ్చింది సిస్టర్. మా అత్తమ్మ ఈసారి వద్దంటుంది."

"గోలీ ఏసినవా?"

"ఏసిన. అయినా పిల్ల దిగలే. నేను పనికి పోలే. రెండు దినాల కూలి పాయె."

ఏఎన్ఎం వాదించలేదు. "అట్లయితే ఇయ్యాల వద్దు. శనివారం ఏస్తా. తెల్లారి ఆదివారం, మీ ఆయన ఇంట్లనే ఉంటడు, పిల్లను ఎత్తుకుంటడు. అత్తమ్మను గూడ తోలుకరా, నేను మాట్లాడ్త" అంది.

ఆ పిల్ల టీకా ఎందుకు ఆగబోయిందో చూడండి. అందులో మతం లేదు, వాట్సాప్ లేదు. రెండు రోజుల కూలి ఉంది. ఆ సంగతి కనిపెట్టగలిగింది ఆ వీధి తెలిసిన మనిషి. ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కలంటే తలుపులు వేసుకున్న మొరాదాబాద్ వంటి జిల్లాల్లోనూ పని చేసింది ఇదే. 2002లో ఆ ఒక్క రాష్ట్రంలో పన్నెండు వందల మందికి పైగా పిల్లలకు పోలియో వచ్చింది. అప్పుడు మసీదు పెద్దలను, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం వాళ్లను, అదే గల్లీ ఆడవాళ్లను కలుపుకుని ఇల్లిల్లూ తిరిగారు. దేశంలో ఆఖరి కేసు 2011 జనవరిలో నమోదైంది. అలాంటి పని చేసే ఆశాలకు, ఏఎన్ఎంలకు తీరిక ఇవ్వకుండా రిజిస్టర్ల మీద రిజిస్టర్లు, యాప్‌ల మీద యాప్‌లు పెట్టి, ఒక తల్లితో పది నిమిషాలు కూర్చునే వీలు లేకుండా చేస్తున్నాం. టీకాల బడ్జెట్‌లో ఆ పది నిమిషాలకు కూడా చోటుండాలి.

ఇప్పటికే సూది తప్పినవాళ్లు భయపడక్కర్లేదు. మధ్యలో ఆగిన డోసులను మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఆగిన చోటు నుంచి వేస్తారు. తట్టు-రుబెల్లా టీకా ఐదేళ్లు నిండేదాకా, డీపీటీ ఏడేళ్లు నిండేదాకా ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా దొరుకుతుంది. కార్డు పోయినా పర్వాలేదు, ప్రభుత్వ టీకా నమోదు పోర్టల్ యూ-విన్‌లో నమోదై ఉంటే వివరాలు అక్కడుంటాయి. లేకపోయినా పిల్లను తీసుకెళితే వెనక్కి పంపకూడదు. సూది వేశాక అరగంట అక్కడే కూర్చోవాలి. ఇచ్చిన మాత్ర ఏమిటో, ఎంత వేయాలో పేరు చదివించుకుని మరీ అడగాలి. అడిగినందుకు ఎవరైనా విసుక్కుంటే, తప్పు అడిగినవాళ్లది కాదు.